ప్రెసిడెంట్లు, ప్రధానులు, రాజులు: ఏ దేశంలో పగ్గాలు ఎవరి చేతిలో? తరచుగా అడిగే ప్రశ్నలు

విదేశీ వార్తలు చదివేటప్పుడు చాలామందికి ఒకే చోట తికమక వస్తుంది. జర్మనీకి అధ్యక్షుడు ఉన్నాడు, కానీ శిఖరాగ్ర సదస్సుల్లో కనిపించేది ఛాన్సలర్. ఇరాన్‌లో అధ్యక్ష ఎన్నికలు హోరాహోరీగా జరుగుతాయి, తుది నిర్ణయం మాత్రం మరొకరిది. కెనడాకు ప్రధాని ఉన్నారు, నాణేల మీద బొమ్మ లండన్‌లో ఉండే రాజుది. పదవి పేరు చూసి అధికారాన్ని అంచనా వేస్తే దాదాపు ప్రతిసారీ పొరబడతాం. దానికి బదులు రెండు సంగతులు కనుక్కోండి: ఈ మనిషిని ఎన్నుకున్నది ఎవరు, దించగలిగేది ఎవరు? కింద ఉన్న జవాబులన్నీ ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

దేశాధినేత, ప్రభుత్వాధినేత వేరువేరా?

కొన్ని దేశాల్లో వేరు, కొన్నింట్లో ఒకరే. దేశాధినేత అంటే దేశం తరఫున నిలబడే వ్యక్తి. చట్టాల మీద చివరి సంతకం, విదేశీ రాయబారుల నియామక పత్రాలు అందుకోవడం, పార్లమెంటు సమావేశాలను ప్రారంభించడం లాంటివి ఆ పదవితో వస్తాయి. ప్రభుత్వాధినేత అంటే మంత్రివర్గాన్ని నడిపి, బడ్జెట్ పెట్టి, రోజువారీ పాలన చూసే వ్యక్తి.

అమెరికా, బ్రెజిల్, మెక్సికోలలో రెండు పనులూ అధ్యక్షుడివే. బ్రిటన్, జపాన్, స్పెయిన్‌లలో దేశాధినేత రాజు లేదా చక్రవర్తి, పాలన ప్రధానిది. ఇండియా, జర్మనీ, ఇటలీ, ఐర్లాండ్‌లలో రాజు స్థానంలో రాష్ట్రపతి ఉంటారు, పాలన మాత్రం ప్రధానిదే, జర్మనీలో అయితే ఛాన్సలర్‌దే.

అయితే ప్రెసిడెంట్లు ఎన్ని రకాలు?

మోటుగా చెప్పుకుంటే మూడు రకాలు. మొదటిది అమెరికా పద్ధతి. అధ్యక్షుడు అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్‌తో సంబంధం లేకుండా విడిగా గెలుస్తాడు, కాంగ్రెస్‌లో మెజారిటీ పోయినా నాలుగేళ్ళూ పదవిలో ఉంటాడు. లాటిన్ అమెరికాలో ఎక్కువ దేశాలు దీన్నే అనుసరించాయి. రెండోది పార్లమెంటరీ పద్ధతిలో ఉండే అధ్యక్షుడు. గౌరవం ఎక్కువ, స్వయంగా తీసుకునే నిర్ణయాలు తక్కువ. మూడోది ఫ్రాన్స్ తరహా. అధ్యక్షుడికీ నిజమైన అధికారం ఉంటుంది, ప్రధానికీ ఉంటుంది.

ఈ గీతల్లో ఇమడని దేశాలూ ఉన్నాయి. దక్షిణాఫ్రికా అధ్యక్షుడు మంత్రివర్గాన్ని స్వయంగా నడుపుతాడు, విడిగా ప్రధాని ఉండడు, కానీ ఆయన్ను ఎన్నుకునేది ప్రజలు కాదు, పార్లమెంటు దిగువ సభ అయిన నేషనల్ అసెంబ్లీ. అందుకే 2024 ఎన్నికల్లో పాలక పార్టీ ఏఎన్‌సీ (ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్) మెజారిటీ కోల్పోయినప్పుడు సిరిల్ రామఫోసా మళ్ళీ అధ్యక్షుడు కావడానికి ప్రతిపక్షమైన డెమోక్రటిక్ అలయన్స్ మద్దతు తీసుకోవలసి వచ్చింది. పేరుకు ప్రెసిడెంట్ అయినా, సభలో బలం లేకపోతే నిలవలేని పదవి అది.

ఫ్రాన్స్‌లో అధ్యక్షుడు పెద్దా, ప్రధాని పెద్దా?

పార్లమెంటులో మెజారిటీ ఎవరిదో దాన్ని బట్టి జవాబు మారుతుంది. ఈ పదవుల లెక్కలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆకట్టుకునేది ఫ్రాన్స్ అనుభవమే.

1958లో షార్ల్ డి గాల్ హయాంలో వచ్చిన ఐదో రిపబ్లిక్ రాజ్యాంగం అధ్యక్షుణ్ణి బలంగా నిలబెట్టింది. 1962 రెఫరెండం (ప్రజాభిప్రాయ సేకరణ) తర్వాత ఆయన్ను నేరుగా ప్రజలే ఎన్నుకోవడం మొదలైంది. ప్రధానిని నియమించేది అధ్యక్షుడే. కానీ నేషనల్ అసెంబ్లీ అవిశ్వాసంతో ప్రధానిని దించగలదు. అసెంబ్లీలో తన పార్టీకే మెజారిటీ ఉన్నంతకాలం అధ్యక్షుడిదే రాజ్యం, ప్రధాని ఆయన మాట అమలు చేస్తాడు. మెజారిటీ ఎదుటి పక్షానికి వెళ్ళిందా, వాళ్ళు ఒప్పుకునే మనిషినే ప్రధానిగా పెట్టుకోక తప్పదు. అప్పుడు దేశం లోపలి పాలన ప్రధాని చేతిలోకి వెళ్తుంది, అధ్యక్షుడికి ప్రధానంగా విదేశాంగం, రక్షణ మిగులుతాయి.

ఇలా మూడుసార్లు జరిగింది. సోషలిస్టు మిత్తెరాన్ అధ్యక్షుడిగా ఉండగా 1986 నుంచి 1988 వరకు రైటు పక్షానికి చెందిన షిరాక్ ప్రధాని. 1993 నుంచి 1995 వరకు అదే పక్షానికి చెందిన బలదూర్. తర్వాత షిరాక్ అధ్యక్షుడయ్యాక 1997లో తనే అసెంబ్లీని ముందుగా రద్దు చేసి, ఆ ఎన్నికల్లో ఓడి, సోషలిస్టు జోస్పాన్‌తో ఐదేళ్ళు కలిసి పనిచేయవలసి వచ్చింది. అధ్యక్షుడి పదవీకాలం అప్పట్లో ఏడేళ్ళు, అసెంబ్లీది ఐదేళ్ళు కాబట్టి రెండు ఎన్నికలూ వేరువేరు సమయాల్లో వచ్చేవి. ఈ ఇబ్బంది తప్పించడానికే 2000 రెఫరెండంతో అధ్యక్షుడి పదవీకాలాన్ని ఐదేళ్ళకు తగ్గించారు. అయినా సమస్య పూర్తిగా పోలేదు. 2024లో మక్రాన్ అసెంబ్లీని రద్దు చేశాక ఏ పక్షానికీ మెజారిటీ రాలేదు. ఆ డిసెంబరులో ప్రధాని బార్నియే అవిశ్వాస తీర్మానంతో, 2025 సెప్టెంబరులో ప్రధాని బైరూ విశ్వాస పరీక్షలో ఓడి పదవి కోల్పోయారు. ప్రధానులు మారుతున్నా అధ్యక్షుడు మాత్రం అక్కడే ఉన్నారు, ఎందుకంటే ఆయన్ను దించే అధికారం అవిశ్వాస తీర్మానానికి లేదు.

పార్లమెంటరీ దేశాల్లో రాష్ట్రపతులు, రాజులు సంతకాలు పెట్టడానికేనా?

మామూలు రోజుల్లో అలాగే కనిపిస్తుంది. బ్రిటన్‌లో పార్లమెంటు ఆమోదించిన బిల్లుకు సంతకం నిరాకరించిన చివరి పాలకురాలు రాణి ఆన్, అది 1708లో. స్వీడన్ ఇంకా ముందుకెళ్ళి, 1975 నుంచి అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో ప్రధాని ఎంపికలో రాజుకు పాత్రే లేకుండా చేసింది. అక్కడ ప్రధాని పేరు ప్రతిపాదించేది పార్లమెంటు స్పీకర్.

కానీ సంక్షోభం వచ్చినప్పుడు ఈ పదవి విలువ తెలుస్తుంది. 1975లో ఆస్ట్రేలియాలో ప్రధాని గఫ్ విట్లమ్ ప్రభుత్వానికి దిగువ సభలో మెజారిటీ ఉంది, ఎగువ సభ అయిన సెనేట్ మాత్రం బడ్జెట్ బిల్లులను ఆపేసింది. ప్రతిష్టంభన వారాల తరబడి సాగింది. నవంబరు 11న, బ్రిటన్ రాణి ప్రతినిధిగా ఉండే గవర్నర్ జనరల్ జాన్ కెర్ ప్రధానిని బర్తరఫ్ చేసి, ప్రతిపక్ష నాయకుడు మాల్కమ్ ఫ్రేజర్‌ను ఆపద్ధర్మ ప్రధానిగా నియమించారు. కెర్‌ను ఆ పదవికి ఎంపిక చేసింది విట్లమే. డిసెంబరు ఎన్నికల్లో ఫ్రేజర్ భారీగా గెలిచినా, ఎవరూ ఎన్నుకోని వ్యక్తి ఎన్నికైన ప్రధానిని తీసేయడం సరైనదేనా అన్న వాదన ఆ దేశంలో ఇప్పటికీ చల్లారలేదు. నా మటుకు నాకు అది తప్పే అనిపిస్తుంది. ఎన్నికలకు వెళ్ళమని విట్లమ్‌ను ముందుగా హెచ్చరించే అవకాశం కెర్‌కు ఉంది, ఆ దారి ఆయన వాడుకోలేదు.

ఇటలీలో 2018లో అధ్యక్షుడు మత్తరెల్లా ఆర్థిక మంత్రిగా ప్రతిపాదించిన పేరును ఒప్పుకోలేదు. యూరో కరెన్సీ విషయంలో ఆ వ్యక్తి అభిప్రాయాలు దేశానికి నష్టం చేస్తాయని ఆయన వాదన. ప్రధాని కావలసిన కోంటే ఆ ప్రయత్నం వదులుకున్నారు, కొన్ని రోజులకే వేరే పేర్లతో మళ్ళీ వచ్చి ప్రమాణం చేశారు.

బెల్జియంలో జరిగింది వీటన్నిటికీ భిన్నం. 1990లో గర్భస్రావాన్ని షరతులతో అనుమతించే బిల్లును పార్లమెంటు ఆమోదించింది. రాజు బొదువాన్ తన మత విశ్వాసం వల్ల సంతకం చేయలేనన్నారు, కానీ ప్రజాస్వామ్యానికి అడ్డుపడాలని కూడా ఆయనకు లేదు. దాంతో రాజు తాత్కాలికంగా బాధ్యతలు నిర్వర్తించలేని స్థితిలో ఉన్నారని మంత్రివర్గం ప్రకటించి, రాజ్యాంగం ప్రకారం తనే సంతకం చేసి చట్టాన్ని అమల్లోకి తెచ్చింది. ఆ వెంటనే పార్లమెంటు సమావేశమై ఆయన్ను మళ్ళీ సింహాసనం మీద కూర్చోబెట్టింది. మనస్సాక్షికీ రాజ్యాంగానికీ మధ్య ఇంత గౌరవంగా దారి వెతుక్కున్న సందర్భాలు చాలా తక్కువ.

ప్రధానిని ప్రజలు నేరుగా ఎందుకు ఎన్నుకోరు?

ప్రధాని పదవి సభలోని మెజారిటీ మీద నిలబడుతుంది కాబట్టి. సభ నమ్మకం ఉన్నన్ని రోజులే ఆ పదవి. బ్రిటన్‌లో 2022లో ఒక్క సార్వత్రిక ఎన్నికా లేకుండానే జాన్సన్, ట్రస్, సునాక్ అనే ముగ్గురు ప్రధానులు కనిపించారు. ట్రస్ పదవిలో ఉన్నది ఏడు వారాలే. పాలక పార్టీ తన నాయకుణ్ణి మార్చుకుంది, ప్రధాని మారారు. అక్కడి నిబంధనల ప్రకారం ఇందులో తప్పేమీ లేదు.

నేరుగా ఎన్నుకునే ప్రయోగం చేసిన దేశం ఇజ్రాయెల్. 1996, 1999, 2001లలో ప్రజలు ప్రధానికి విడిగా ఓటు వేశారు. బలమైన ప్రధాని వస్తారని ఆశిస్తే ఫలితం తిరగబడింది. ప్రధాని ఓటు పెద్ద నాయకుడికి వేసి, పార్లమెంటు ఓటు తమకు నచ్చిన చిన్న పార్టీకి వేశారు జనం. పెద్ద పార్టీలు చిక్కిపోయి, సంకీర్ణాలు నడపడం మరింత కష్టమైంది. చివరికి పాత పద్ధతికే వెళ్ళిపోయారు.

జర్మనీ మరో జాగ్రత్త తీసుకుంది. ఛాన్సలర్‌ను దించాలంటే ఆయన స్థానంలోకి వచ్చే కొత్త ఛాన్సలర్‌ను అదే ఓటుతో ఎన్నుకోవాలి. వద్దు అనడానికి మాత్రమే కలిసే మెజారిటీ అక్కడ సరిపోదు. దేశ స్థాయిలో ఇది ఫలించింది ఒక్కసారే, 1982లో హెల్మట్ ష్మిత్ స్థానంలో హెల్మట్ కోల్ వచ్చినప్పుడు.

అమెరికాలో తక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థి ఎలా గెలుస్తారు?

అమెరికా ఓటరు నిజానికి తన రాష్ట్రం తరఫున అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టర్లకు ఓటు వేస్తాడు. మొత్తం ఎలక్టర్లు 538 మంది. ప్రతినిధుల సభ సంఖ్య 435, సెనేట్ 100, రాజధాని వాషింగ్టన్‌కు 3. గెలవడానికి 270 కావాలి. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా ఆ రాష్ట్రం ఎలక్టర్లంతా ఆ అభ్యర్థికే. కాబట్టి కొన్ని రాష్ట్రాల్లో లక్షల మెజారిటీతో గెలిచినా అదనంగా లాభం లేదు, పోటాపోటీ రాష్ట్రాల్లో కొద్ది తేడాతో గెలిస్తే చాలు. 2000లో అల్ గోర్‌కు, 2016లో హిల్లరీ క్లింటన్‌కు దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లు వచ్చాయి. హిల్లరీకి వచ్చిన ఆధిక్యం దాదాపు 29 లక్షలు. ఇద్దరూ ఓడిపోయారు.

చాలా దేశాలు ఇంతకంటే సూటైన దారిలో వెళ్తాయి. ఫ్రాన్స్, బ్రెజిల్‌లలో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య రెండో విడత పోలింగ్ జరుగుతుంది. శ్రీలంకలో ఓటరు ఒకేసారి మూడు ప్రాధాన్యాల వరకు గుర్తించవచ్చు. ఆ ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టవలసిన అవసరం మొదటిసారి 2024లో వచ్చింది. ఆ లెక్కింపు తర్వాతే అనుర కుమార దిస్సనాయకే గెలిచినట్టు ప్రకటించారు.

ఒకే మనిషి ఎన్నిసార్లు అధ్యక్షుడు కావచ్చు?

కాగితం మీద జవాబు సులభం. అమెరికాలో రెండుసార్లు ఎన్నిక కావచ్చు. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1932, 1936, 1940, 1944లలో వరుసగా నాలుగుసార్లు గెలిచాక, 1951లో 22వ సవరణతో ఆ హద్దు పెట్టారు. దక్షిణ కొరియాలో 1987 నుంచి ఐదేళ్ళు ఒక్కసారే. మెక్సికోలో ఆరేళ్ళు ఒక్కసారే. దశాబ్దాలపాటు దిగని పోర్ఫిరియో దియాస్‌పై తిరుగుబాటుగా 1910లో మొదలైన విప్లవం నుంచి వచ్చిన సూత్రం అది.

అసలు పరీక్ష ఆ హద్దును పాటించడంలో ఉంది. రష్యాలో వరుసగా రెండుసార్లకు మించి కుదరదన్న నిబంధన ఉండగా, పుతిన్ 2008లో ప్రధాని పదవిలోకి మారి, మెద్వెదేవ్ అధ్యక్షుడయ్యారు. 2012లో పుతిన్ తిరిగి వచ్చారు, అప్పటికి పదవీకాలం నాలుగేళ్ళ నుంచి ఆరేళ్ళయింది. 2020 సవరణలు ఆయన పాత పదవీకాలాలను లెక్కలోంచి తీసేశాయి. దాంతో 2036 వరకు కొనసాగే వీలు వచ్చింది. చైనాలో దేశాధ్యక్ష పదవికి ఉన్న రెండుసార్ల పరిమితిని 2018లో ఎత్తేశారు. టర్కీలో 2003 నుంచి 2014 వరకు ప్రధానిగా చేసిన ఎర్దోవాన్ అధ్యక్షుడయ్యాక, 2017 రెఫరెండంతో అధికారాలన్నీ అధ్యక్ష పదవికి మారాయి, 2018లో ప్రధాని పదవే రద్దయింది. ఆయన ఏ కుర్చీలో కూర్చుంటే అధికారం ఆ కుర్చీకి వెళ్ళింది.

ఈక్వటోరియల్ గినీలో ఒబియాంగ్ 1979లో సైనిక తిరుగుబాటుతో వచ్చి పదవిలో పాతుకుపోయారు. కామెరూన్‌లో పాల్ బియా 1982లో అధ్యక్షుడయ్యారు, 2025లో మళ్ళీ పోటీ చేశారు. ఇలాంటి ఉదాహరణల పక్కన నెల్సన్ మండేలాను పెట్టి చూడాలి. ఇంకోసారి పోటీ చేస్తే అడ్డు చెప్పేవాళ్ళు లేని రోజుల్లో, 1999లో ఒకే పదవీకాలంతో ఆయన తప్పుకున్నారు. ఆయన గురించి తలుచుకునేటప్పుడు జైలు జీవితంతో సమానంగా ఈ నిర్ణయాన్నీ తలుచుకోవాలని నా అభిప్రాయం.

పదవిలో ఉండగా అధ్యక్షుడు చనిపోతే?

అమెరికాలో ఉపాధ్యక్షుడు వెంటనే పూర్తిస్థాయి అధ్యక్షుడవుతాడు, మిగిలిన కాలమంతా ఉంటాడు. 1963 నవంబరు 22న కెన్నెడీ హత్య జరిగిన కొన్ని గంటల్లోనే లిండన్ జాన్సన్ విమానంలో ప్రమాణం చేశారు. ఈ నియమం మొదట్లో ఇంత స్పష్టంగా లేదు. 1841లో విలియం హెన్రీ హారిసన్ పదవి చేపట్టిన నెలకే మరణించినప్పుడు, ఉపాధ్యక్షుడు జాన్ టైలర్ తాత్కాలికుడా, పూర్తి అధ్యక్షుడా అన్న వివాదం వచ్చింది. టైలర్ పట్టుబట్టి పూర్తి అధ్యక్షుడిగానే వ్యవహరించారు. ఆ ఆనవాయితీ రాజ్యాంగంలో 25వ సవరణగా చేరింది మాత్రం 1967లో.

చాలా దేశాల్లో మాత్రం తాత్కాలిక అధ్యక్షుడు వచ్చి, నిర్ణీత గడువులో ఎన్నిక పెట్టాలి. 2010 ఏప్రిల్‌లో స్మొలెన్స్క్ విమాన ప్రమాదంలో పోలండ్ అధ్యక్షుడు కచిన్‌స్కీ మరణించినప్పుడు దిగువ సభ స్పీకర్ కొమొరోవ్‌స్కీ బాధ్యత తీసుకున్నారు, తర్వాత ఎన్నికల్లో ఆయనే గెలిచారు. ఇరాన్‌లో 2024 మే 19న హెలికాప్టర్ కూలి అధ్యక్షుడు రయీసీ మరణించారు. అక్కడి గడువు 50 రోజులు. జులై మొదటి వారానికల్లా పెజెష్కియాన్ ఎన్నికయ్యారు.

అభిశంసన అంటే పదవి పోయినట్టేనా?

కాదు. వార్తల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే. అభిశంసన అంటే ఆరోపణను సభ అధికారికంగా ఆమోదించడం. విచారణ, తీర్పు ఆ తర్వాతి దశ. అమెరికాలో ప్రతినిధుల సభ అభిశంసిస్తుంది, సెనేట్ విచారిస్తుంది, దోషిగా తేల్చాలంటే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. 1868లో ఆండ్రూ జాన్సన్, 1998లో క్లింటన్, 2019లో ఒకసారి, 2021లో ఇంకోసారి ట్రంప్ అభిశంసనకు గురయ్యారు. సెనేట్ ఎవర్నీ దోషిగా తేల్చలేదు. నిక్సన్‌ను అభిశంసించారనుకుంటారు చాలామంది. సభ ఓటింగ్ దాకా రాకముందే, 1974 ఆగస్టులో ఆయన రాజీనామా చేశారు.

దక్షిణ కొరియాలో తుది తీర్పు రాజ్యాంగ న్యాయస్థానానిది. అక్కడ పార్లమెంటు మూడింట రెండొంతుల మెజారిటీతో అభిశంసించగానే అధ్యక్షుడి అధికారాలు ఆగిపోతాయి, తర్వాత కోర్టు తేలుస్తుంది. 2004లో రో మూ హ్యున్‌ను కోర్టు తిరిగి పదవిలో నిలబెట్టింది. 2017లో పార్క్ గ్యున్ హేను తొలగించింది. 2024 డిసెంబరు 3 రాత్రి అధ్యక్షుడు యూన్ సక్ యోల్ అకస్మాత్తుగా మార్షల్ లా (సైనిక పాలన) ప్రకటించినప్పుడు, సైనికులు పార్లమెంటు భవనంలోకి చొరబడుతున్నా సభ్యులు గోడలు దూకి లోపలికి వెళ్ళి, కొన్ని గంటల్లోనే దాన్ని రద్దు చేస్తూ ఓటు వేశారు. పదకొండు రోజులకు అభిశంసన, 2025 ఏప్రిల్ 4న కోర్టు ఏకగ్రీవ తీర్పుతో తొలగింపు, జూన్ 3న కొత్త ఎన్నిక. తుపాకుల మధ్య కూడా నిబంధనల పుస్తకం ప్రకారమే ప్రతి అడుగూ వేసిన ఆ సభ్యుల మీద నాకు అపారమైన గౌరవం.

దీనికి పూర్తిగా ఎదురు కోణం పెరూ. అక్కడ "నైతిక అసమర్థత" అనే, నిర్వచనం లేని కారణంతో కాంగ్రెస్ అధ్యక్షుణ్ణి తొలగించగలదు. 2020 నవంబరులో దాదాపు వారం తేడాలో విస్కర్రా, మెరినో, సగస్తి అనే ముగ్గురు ఆ పదవిలో కనిపించారు. దించడం మరీ కష్టమైతే నియంత తయారవుతాడు, మరీ సులువైతే దేశానికి నిలకడే ఉండదు.

చైనా, ఇరాన్, ఉత్తర కొరియాలలో ఎవరిని చూడాలి?

చైనాలో కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శిని. షీ జిన్‌పింగ్‌కు ప్రధాన కార్యదర్శి, కేంద్ర సైనిక సంఘం చైర్మన్, దేశాధ్యక్షుడు అనే మూడు పదవులున్నాయి. విదేశీ పర్యటనల్లో వినిపించే దేశాధ్యక్ష పదవి వీటిలో అన్నిటికంటే బలహీనమైనది.

ఇరాన్‌లో 1979 విప్లవం తర్వాత అధ్యక్షుడి పైన సుప్రీం లీడర్ ఉంటారు. సైన్యం ఆయన కింద పనిచేస్తుంది. అధ్యక్ష పదవికి ఎవరు పోటీ చేయవచ్చో ముందే వడపోసేది గార్డియన్ కౌన్సిల్. కాబట్టి అక్కడ ఓటు నిజంగానే లెక్కపెడతారు, కానీ జాబితా ఓటరు చేతిలో లేదు.

ఉత్తర కొరియా 1998లో సవరించిన రాజ్యాంగంలో, 1994లో మరణించిన కిమ్ ఇల్ సుంగ్‌ను శాశ్వత అధ్యక్షుడిగా ప్రకటించింది. మనవడు కిమ్ జోంగ్ ఉన్ వేరే పదవుల పేరుతో పాలిస్తున్నారు.

ఒకేసారి ఇద్దరు ముగ్గురు అధినేతలున్న దేశాలు ఉన్నాయా?

ఉన్నాయి. శాన్ మరీనోలో ఇద్దరు కెప్టెన్స్ రీజెంట్ ఆరు నెలలపాటు కలిసి దేశాధినేతలుగా ఉంటారు. బోస్నియాలో బోస్నియాక్, సెర్బు, క్రొయాట్ అనే మూడు జాతుల సభ్యులు ముగ్గురు కలిసి అధ్యక్ష మండలి, అధ్యక్ష స్థానం ఎనిమిది నెలలకోసారి మారుతుంది. 1990ల యుద్ధాన్ని ఆపిన డేటన్ ఒప్పందం నుంచి వచ్చిన ఏర్పాటిది. స్విట్జర్లాండ్‌లో ఏడుగురు సభ్యుల ఫెడరల్ కౌన్సిలే ప్రభుత్వం, అందులో ఒకరు ఏడాదిపాటు అధ్యక్షుడిగా ఉంటూ తన శాఖను కూడా చూసుకుంటారు. అండోరాకు ఇద్దరు సహ రాజులు. ఒకరు స్పెయిన్‌లోని ఉర్జెల్ బిషప్, రెండోవారు ఫ్రాన్స్ అధ్యక్షుడు.

ఇంగ్లండ్ రాజు ఇంకా ఎన్ని దేశాలకు రాజు?

బ్రిటన్‌తో కలిపి 15 దేశాలకు. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జమైకా, పపువా న్యూ గినీ వాటిలో ఉన్నాయి. ఇతర దేశాల్లో రాజు తరఫున గవర్నర్ జనరల్ ఉంటారు. 2021 నవంబరు 30న బార్బడోస్ ఈ జాబితా నుంచి బయటికొచ్చి రిపబ్లిక్ అయింది.

ఎన్నికతో వచ్చే రాజు కావాలంటే మలేషియా చూడండి. అక్కడ తొమ్మిది రాష్ట్రాల వంశపారంపర్య పాలకులు తమలో ఒకరిని ఐదేళ్ళకోసారి దేశానికి రాజుగా ఎన్నుకుంటారు.

మొదటి మహిళా నాయకులు ఎవరు?

ఎన్నికల ద్వారా వచ్చిన మొదటి మహిళా ప్రధాని సిరిమావో బండారనాయకే, 1960 జులైలో శ్రీలంకలో. ఆ దేశాన్ని అప్పుడు సిలోన్ అనేవారు. 1966లో ఇందిరాగాంధీ, 1969లో ఇజ్రాయెల్‌లో గోల్డా మెయిర్ వచ్చారు. అధ్యక్ష పదవిలో మొదటి మహిళ అర్జెంటీనాకు చెందిన ఇసబెల్ పెరోన్. 1974లో భర్త మరణంతో, ఉపాధ్యక్షురాలిగా ఉన్న ఆమె ఆ స్థానంలోకి వచ్చారు. ప్రజల ఓటుతో గెలిచిన మొదటి మహిళా అధ్యక్షురాలు ఐస్‌లాండ్‌కు చెందిన విగ్దిస్ ఫిన్‌బొగదోత్తిర్. 1980లో గెలిచి 16 ఏళ్ళు ఉన్నారు. ఆఫ్రికాలో ఎన్నికైన మొదటి మహిళా దేశాధినేత లైబీరియాలో ఎలెన్ జాన్సన్ సర్లీఫ్, 2006లో పదవి చేపట్టారు. మెక్సికోకు 2024లో క్లాడియా షైన్‌బామ్‌తో, జపాన్‌కు 2025లో తకాయిచి సనాయెతో మొదటిసారి మహిళా నాయకత్వం వచ్చింది. సిరిమావో తర్వాత ఆరు దశాబ్దాలు పట్టింది. ఇది ఆలస్యం కాదని ఎవరూ అనలేరు.

ప్రభుత్వమే లేకుండా దేశం నడుస్తుందా?

ఆపద్ధర్మ ప్రభుత్వంతో నడుస్తుంది. బెల్జియంలో 2010 జూన్ ఎన్నికల తర్వాత కొత్త ప్రభుత్వం ఏర్పడటానికి 541 రోజులు పట్టింది. ఆ కాలంలో పాత ప్రధాని లెతర్మ్ మంత్రివర్గమే రోజువారీ పనులు చూసింది. పెద్ద విధాన నిర్ణయాలు మాత్రం అలాంటి ప్రభుత్వం తీసుకోకూడదన్నది ఆనవాయితీ.

దేశాధినేతల మీద కేసులు పెట్టవచ్చా?

సొంత దేశంలో అయితే అక్కడి రాజ్యాంగాన్ని బట్టి. ఫ్రాన్స్ అధ్యక్షుడికి పదవిలో ఉన్నంతకాలం రక్షణ ఉంటుంది, దిగాక విచారణ మొదలు కావచ్చు. షిరాక్ పారిస్ మేయర్‌గా ఉన్నప్పటి వ్యవహారంలో 2011లో దోషిగా తేలారు. అమెరికా సుప్రీంకోర్టు 2024 జులైలో, అధికారిక హోదాలో చేసిన పనులకు మాజీ అధ్యక్షులకు విస్తృత రక్షణ ఉంటుందని తీర్పు చెప్పింది.

హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు మాత్రం పదవిని రక్షణగా ఒప్పుకోదు. 2009లో సూడాన్ అధ్యక్షుడు బషీర్ మీద, 2023లో పుతిన్ మీద, 2024లో నెతన్యాహు మీద అరెస్టు వారెంట్లు ఇచ్చింది. చిక్కేమిటంటే ఆ కోర్టుకు సొంత పోలీసులు లేరు, సభ్యదేశాలు పట్టి అప్పగించాలి. ఫిలిప్పీన్స్ మాజీ అధ్యక్షుడు దుతెర్తె 2025 మార్చిలో మనీలాలో అరెస్టై హేగ్ చేరారు, అప్పటి ప్రభుత్వం సహకరించింది కాబట్టి.

ప్రస్తుతం ఎవరు పదవిలో ఉన్నారో చూసేటప్పుడు ఏ జాగ్రత్త తీసుకోవాలి?

గెలిచిన తేదీ, బాధ్యత చేపట్టిన తేదీ ఒకటి కావు. అమెరికాలో నవంబరులో ఎన్నిక, జనవరి 20న ప్రమాణం. మెక్సికోలో షైన్‌బామ్ జూన్‌లో గెలిచి అక్టోబరు 1న పదవి చేపట్టారు. బ్రిటన్‌లో ఓడిన ప్రధాని చాలాసార్లు మర్నాడే ఇల్లు ఖాళీ చేస్తారు. "ఎన్నికైన అధ్యక్షుడు" అని రాసి ఉంటే ఆయన ఇంకా అధికారంలోకి రాలేదని అర్థం. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు పాత గైడు పుస్తకాన్ని కాకుండా, ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైటును చూడటం మంచిది.

ఓడిపోయిన అధ్యక్షుడు దిగనంటే?

చట్టం ఒక్కటే సరిపోదు. సైన్యం, కోర్టులు, పొరుగు దేశాలు ఎటు నిలబడతాయన్న దాని మీద అంతా ఆధారపడుతుంది. గాంబియాను 22 ఏళ్ళు పాలించిన యాహ్యా జామే 2016 డిసెంబరు ఎన్నికల్లో అడామా బారోకు ఓడిపోయారు. మొదట ఓటమి ఒప్పుకుని, వారం గడిచాక మాట మార్చారు. పశ్చిమాఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ మధ్యవర్తులను పంపింది, ఆయన వినలేదు. బారో 2017 జనవరి 19న పక్క దేశం సెనెగల్ రాజధాని డకార్‌లో, గాంబియా రాయబార కార్యాలయంలో ప్రమాణం చేశారు. అదే రోజు ఎకోవాస్ సేనలు సరిహద్దు దాటాయి. గాంబియా సైన్యాధిపతి తన సైనికులు పోరాడరని చెప్పేశారు. రెండు రోజుల తర్వాత జామే విమానం ఎక్కి ఈక్వటోరియల్ గినీ వెళ్ళిపోయారు, ఆ వారంలోనే బారో స్వదేశానికి తిరిగొచ్చి పాలన మొదలుపెట్టారు.